జంట డిటెక్టర్లు

భూమిలో లోహాలు వెతికే డిటెక్టర్ కొనుక్కుందామన్న ఆలోచన నాది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే మా ఊళ్ళో ఎవర్నడిగినా అది మా ఆయన లెస్ పిచ్చి అనీ, పాపం డోరీన్ మొగుడి వెంట పొలాలు పట్టుకు తిరుగుతోందనీ చెబుతారు. కాదు. అది నాకు కావాలనిపించింది. నాకు ఒక్కదానికే.

నేను ఇరవై ఏళ్ళకు పైగా లైబ్రరీ వ్యాన్ నడిపాను. ఇంగ్లండులోని మా నార్‌ఫోక్ జిల్లాలో బస్సు సరిగా రాని పల్లెలన్నిటికీ పుస్తకాలు తీసుకెళ్ళి, వ్యాన్ మెట్లు దించి, ముసలమ్మలకు హత్యల నవలలు ఇచ్చి, వాళ్ళిచ్చిన టీ తాగి, మళ్ళీ మెట్లెత్తుకుని వెళ్ళిపోయేదాన్ని. ఊరికీ ఊరికీ మధ్య నేనూ, రోడ్డూ, వానా. ఆ మధ్య దారుల కోసమే ఉద్యోగం చేశానని రిటైరయ్యాక గానీ తెలియలేదు. రిటైరైన మొదటి సోమవారం లెస్ నాకు టీ తెచ్చి, మంచం చివర కూర్చుని, "ఇంక నువ్వు ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు, హాయి," అన్నాడు. నిజంగానే సంతోషంగా అన్నాడు. నాకు ఊపిరాడలేదు.

మా ఆయన లెస్ చెడ్డవాడు కాదు. తాగడు, అరవడు. టీవీలు బాగుచేసే పని చేసేవాడు. జనం టీవీలు బాగుచేయించుకోవడం మానేసి కొత్తవి కొనుక్కోవడం మొదలెట్టాక ఇంట్లో కూర్చున్నాడు. మాకు పిల్లల్లేరు. నేను అంగడికి వెళితే సంచి పట్టుకుని వస్తాడు. బట్టలు ఆరేస్తుంటే పక్కన నిలబడి క్లిప్పులు అందిస్తాడు. స్నానాల గదిలో కాస్త ఆలస్యమైతే తలుపు బయట నిలబడి "బానే ఉన్నావా?" అని అడుగుతాడు. ఇలాంటి మనిషి మీద ఎవరికి ఫిర్యాదు చేసుకోను? మా చెల్లెలు బెరిల్‌తో ఒకసారి అన్నాను. "నీ మొగుడు పక్కన ఉంటున్నాడని ఏడుస్తున్నావా? నా మొగుడు ఎక్కడున్నాడో నాకే తెలీదు, చెప్పుకో," అంది.

ఒకరోజు బస్సులోంచి చూశాను. దున్నిన పొలం మధ్యలో ఒక మనిషి. చెవులకు హెడ్‌ఫోన్లు, చేతిలో పొడుగాటి కర్ర, కర్ర చివర నేలకు ఆనీ ఆనకుండా ఊగుతున్న నల్లటి పళ్ళెం. కనుచూపు మేరలో ఇంకెవరూ లేరు. అతను ఏం వెతుకుతున్నాడో నాకక్కర్లేదు. ఆ ఎవరూ లేకపోవడం ఉంది చూశారూ, అది నాకు కావాలి. బస్సు మలుపు తిరిగేదాకా మెడ తిప్పి చూస్తూనే ఉన్నాను. పక్క సీట్లో లెస్, "ఏంటి చూస్తున్నావ్?" అన్నాడు. చెప్పాను. అక్కడే నేను చేసిన బుద్ధితక్కువ పని.

"భలే ఉంటుంది, డోరీ! మనిద్దరం!" అన్నాడు.

దగ్గరి పట్నం నారిచ్‌లో ఆ సామాన్లు అమ్మే కొట్టుకి వెళ్ళాం. కొట్టు నడిపే అమ్మాయికి మోచేతుల దాకా పచ్చబొట్లున్నాయి. నన్ను పైనించి కిందికి చూసి, ఒకదాని తర్వాత ఒకటి చేతికిచ్చి, "ఊపండి, ఇంకా ఊపండి, భుజం ఏమంటోంది?" అని అడిగింది. "ఎంత లోతుకు వింటుందని అందరూ అడుగుతారు. మూడు గంటలు మోయగలనా అని ఎవరూ అడగరు," అంది. చివరికి నాకొకటి నచ్చింది. తేలికైనది, మూడే బొత్తాలు, పిడి నా అరచేతికి సరిపోయింది. అప్పటికి లెస్ ఇంకోదాన్ని తిరగేసి వెనక మరలు చూస్తున్నాడు.

"ఇది రెండివ్వమ్మా," అన్నాడు.

"ఆవిడకి ఆ తేలికది బావుంది కదండీ," అంది అమ్మాయి.

"ఒకే రకమైతే ఛార్జరూ, వైర్లూ అన్నీ కలిసొస్తాయి. ఒకటి చెడితే రెండోది చూసి బాగుచెయ్యచ్చు. నేను ఈ పనిలో పుట్టి పెరిగినోణ్ణిలే."

ఆ అమ్మాయి "ఒకే రకం రెండైతే మాత్రం..." అంటూ ఇంకేదో చెప్పబోయింది. లెస్ అప్పటికే కౌంటర్ దగ్గరికెళ్ళి కార్డు తీశాడు. జైల్లోంచి సొరంగం తవ్వుకుంటే జైలరు కూడా దీపం పట్టుకుని వెనకాలే వచ్చినట్టుంది నాకు. అతని ముఖంలో సంతోషం చూసి ఆ తేలికదాన్ని కొక్కానికి తగిలించేశాను.

నేర్చుకోవడం మా పెరట్లోనే మొదలైంది. లెస్ గడ్డి కింద పాత నాణేలు, మేకులు, సీసామూతలు పాతిపెట్టాడు. తన మిషన్ షెడ్డులో పెట్టేసి, నా వెనకాల నిలబడి పాఠం చెప్పాడు. పళ్ళెం నేలకు సమంగా ఉండాలి. ఊపు చివర పైకి లేవకూడదు. తొందర పడకూడదు. ఇనుమైతే గొంతు బొంగురుగా పలుకుతుంది. వెండైతే సన్నగా, స్పష్టంగా. బంగారం, బీరు డబ్బా రింగు ఒకేలా పలుకుతాయి కాబట్టి రెండూ తవ్వాల్సిందే. ఇవన్నీ నాకు తొందరగానే పట్టుబడ్డాయి. పెరట్లో నా మిషన్ ముత్యంలా పనిచేసింది. దాని పుస్తకం మాత్రం లెస్ చదివాడు. ఇరవై ఏళ్ళు ఊరందరికీ పుస్తకాలు మోసినదాన్ని, నా మిషన్ పుస్తకం నేను తెరవలేదు. "అక్షరాలు చిన్నవి, నేను చెబుతాగా," అన్నాడు, సరే అన్నాను.

పొలంలో అడుగుపెట్టేసరికి అది సణగడం మొదలెట్టింది.

కింద ఏమీ లేకపోయినా కిచకిచ. కర్ర ఊపినా కిచకిచ, ఊపకుండా పట్టుకు నిలబడ్డా కిచకిచ. ఆ గోలలో అసలు కూత ఏదో తెలియక తవ్విన చోటల్లా ఉత్త మట్టే. పది అడుగుల అవతల లెస్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని ప్రశాంతంగా నడుస్తుండేవాడు. నేను చెయ్యి ఊపితే వచ్చేవాడు. తన మిషన్ ఆపి, జాగ్రత్తగా కింద పడుకోబెట్టి, నాది తీసుకుని నాలుగడుగులు వేసేవాడు. అంతే, అది నోట్లో నాలుక లేనట్టు అయిపోయేది.

"చూశావా? బానే ఉంది," అనేవాడు.

"నా చేతిలో ఉంటే గోల చేస్తోంది లెస్."

"నీ పట్టులో ఏదో తేడా ఉంది, బంగారం. బిగించి పట్టుకుంటావ్."

ఒదులుగా పట్టుకున్నాను. గోలే. బూట్ల ముందు ఇనప రేకు ఉందేమోనని రబ్బరు బూట్లు కొన్నాను. గోలే. ఫోన్ జేబులో పెట్టుకోకూడదంటే కారులో వదిలేశాను. కర్రకు చుట్టిన వైరు ఒదులైతే అలా చేస్తుందంటే టేపు వేశాను. పళ్ళెం మీది ప్లాస్టిక్ తొడుగులో మట్టి చేరిందేమోనని వంటింటి సింకులో కడిగాను. వినికిడి జోరు సగానికి తగ్గించాను, సగంలో సగానికి తగ్గించాను. ఆవుల కంచెకు కరెంటు ఉందేమోనని ఇంకో పొలానికి మారాం. పెళ్ళినాటి ఉంగరం కూడా తీసి పర్సులో పెట్టుకున్నాను. ఉంగరం తీసినందుకు లెస్ రెండ్రోజులు ముఖం ముడుచుకున్నాడు. గోల మాత్రం తగ్గలేదు. ఒకసారి "చానల్" అని రాసున్న బొత్తాం నొక్కబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. "అది ముట్టుకోకు. ఫ్యాక్టరీలో పెట్టి పంపింది. కదిపితే మిషన్ దండగ," అన్నాడు.

డిటెక్టర్లు తిప్పేవాళ్ళ క్లబ్బులో చేరదామన్నాను, అక్కడ ఎవరికైనా తెలుస్తుందని. "అక్కడంతా కోతలు కోసేవాళ్ళే. మనకెందుకు, మనిద్దరం ఉన్నాంగా," అన్నాడు. అలా రెండేళ్ళు గడిచాయి. కొన్నాళ్ళకి నాకే నమ్మకం కుదిరిపోయింది, లోపం నాలోనే ఉందని. నా ఒంట్లోనే ఏదో ఉంది, నేను పట్టుకుంటే ఏదైనా పాడైపోతుందని. కాల్చిన రొట్టె మాడినా అదే అనుకునేదాన్ని. ఇప్పుడు తల్చుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఈ ఆగస్టు చివర్లో ఊరి అంగట్లో ఐవీ థర్కెటిల్ కనబడింది. ఎనభై దాటిన రైతు, మొగుడు పోయాక కూడా పొలం తనే చూసుకుంటోంది. నా వ్యాన్ వాళ్ళ వాకిట్లో ఆగేది. అప్పట్నించీ నన్ను పేరుతో పిలవదు.

"ఏం లైబ్రరీ! ఆ కర్ర ఇంకా తిప్పుతున్నావా?"

"తిప్పుతున్నానండీ."

"చర్చి వెనక పొలంలో గోధుమ కోసేశాం. మళ్ళీ దున్ని విత్తేదాకా ఖాళీ. మా మామగారి కాలంలో అక్కడ సంత జరిగేదనేవాళ్ళు. ఇంతవరకూ ఎవర్నీ కాలు పెట్టనివ్వలా. నువ్వు తిప్పుకుంటావా?"

నా గుండె ఒక్కసారి ఎగిరింది. డిటెక్టర్ పట్టినవాళ్ళెవరికైనా ఎగురుతుంది. ఎవరూ ముట్టని పొలం, అందులో సంత జరిగిన నేల! నేను నోరు తెరిచేలోపు బుట్ట పట్టుకుని వెనకున్న లెస్ ముందుకొచ్చాడు.

"మేమిద్దరం చాలా జాగ్రత్తగా చేస్తామండీ."

"నేను లైబ్రరీతో మాట్లాడుతున్నా," అందావిడ. "ఒక్కళ్ళు. ఒక్క మిషను. కిందటేడు వేరే పొలంలో ఒక గుంపుని రానిస్తే గుంటలు పూడ్చకుండా పోయారు, నా గుర్రానికి కాలు బెణికింది. శనివారం పొద్దున వచ్చి మొదలెట్టు. కుక్కని తిప్పుతూ వచ్చి నీ పని చూస్తా. నచ్చితే ఈ ఏడూ నీదే, వచ్చే ఏడూ నీదే. నచ్చకపోతే మూసేస్తా."

ఇంటికెళ్ళేటప్పుడు కారు లెస్ నడిపాడు. ఇన్నేళ్ళు వ్యాన్ నడిపిన నేను పక్కసీట్లో, తాళం అతని చేతిలో. అదెప్పుడు అలా మారిందో కూడా గుర్తులేదు.

"ఒక్కదానివే ఎలా చేస్తావ్, ఆ మిషన్‌తో?" అన్నాడు.

"చేస్తాను."

"ఆవిడ ముందు అది గోల చేస్తే పొలమే పోతుంది. నేను వెళతాను, నువ్వు ఫ్లాస్కు తీసుకుని రా. గేటు దగ్గర కూర్చో. దొరికింది ఇద్దరిదీ."

"నన్నడిగింది లెస్."

"నీ మంచికే చెబుతున్నా." ఆ గొంతులో కోపం లేదు, ప్రేమే ఉంది. నాకు దాన్ని ఎదుర్కోవడం ఎప్పుడూ రాలేదు. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. శనివారం నేను ఒక్కదాన్నే మొదలెడతాను. మిషన్ మొరాయిస్తే ఫోన్ చేస్తాను, అప్పుడతను వచ్చి పని అందుకుంటాడు. ఆ వారమంతా నాకు వేరే ధ్యాస లేదు. ఆ పొలం దక్కితే రెండేళ్ళపాటు వారానికి కొన్ని గంటలు నేనొక్కదాన్నే ఉంటాను. దక్కకపోతే ఇంతే, చనిపోయేదాకా పది అడుగుల దూరంలో లెస్ బూట్ల చప్పుడే.

శనివారం పొద్దున గేటు దగ్గర దింపాడు. "నారిచ్ వెళ్ళి జుట్టు కత్తిరించుకుని వస్తా. ఏదన్నా అయితే ఫోన్ చెయ్యి, మొహమాటపడకు," అన్నాడు. నా కాలరు సరిచేసి వెళ్ళిపోయాడు.

కోసేసిన గోధుమ కొయ్యకాళ్ళ మధ్య నిలబడి మిషన్ ఆన్ చేశాను. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. ఏమీ లేదు.

కిచకిచ లేదు. అసలు చప్పుడే లేదు. ఊపాను. లేదు. నాలుగడుగులు వేశాను. లేదు. ఇవాళే చావాలా ఇది! బ్యాటరీ చూశాను, నిండుగా ఉంది. హెడ్‌ఫోన్ల పిన్ను పీకి మళ్ళీ గుచ్చాను. పర్సులోంచి ఉంగరం తీసి పళ్ళెం ముందు ఆడించాను, కీ అని కూసింది. అంటే ప్రాణం ఉంది. కానీ లోతుకు వినే శక్తి పోయిందనుకున్నాను. రెండేళ్ళుగా ఆ సణుగుడే మిషన్ గుండె చప్పుడని అలవాటు పడ్డదాన్ని, అది ఆగిపోతే ఇంకేమనుకుంటాను? జోరు మొత్తం పెంచేశాను. అయినా నిశ్శబ్దమే. చర్చి గోడ పక్కనుంచి థర్కెటిల్ గారి కుక్క అరుపు వినిపించింది. ఆవిడ బయల్దేరినట్టుంది.

ఫోన్ చేశాను. నా చేత్తో నేనే చేశాను. "లెస్, మిషన్ మాట్లాడటం లేదు. రా."

ఫోన్ జేబులో పెట్టుకునేలోపే మా కారు గేటు దగ్గర ఆగింది. జుట్టు పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది.

"జుట్టు?" అన్నాను.

"కొట్టు మూసుంది," అన్నాడు, నా వంక చూడకుండా. "ఉండు, నాది తెస్తా. రెండూ పక్కపక్కన పెట్టి పోల్చి చూద్దాం."

కారు వెనకనుంచి తన మిషన్ తీసి, ఆన్ చేసి, గేటు దాటి నావైపు నడిచాడు. సగం దూరం వచ్చేసరికి నా చెవుల్లో చిన్నగా మొదలైంది. కిచ్. కిచకిచ. దగ్గరికొచ్చేసరికి ఎప్పటి గోల ఎప్పట్లాగే.

"హమ్మయ్య, వచ్చింది!" అన్నాను. అతనికి థాంక్స్ కూడా చెప్పాను. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, సంతోషంతో.

"చెప్పానా? నేనుంటే దానికి భయం," అని నవ్వాడు. "నాది లోపల పెట్టేసి వస్తా."

తన మిషన్ ఆపకుండానే భుజాన పెట్టుకుని గేటు వైపు నడిచాడు. అతను ఒక్కో అడుగు వేస్తుంటే నా చెవుల్లో గోల ఒక్కో పిసరు తగ్గింది. గేటు చేరేసరికి పూర్తిగా పోయింది.

"మళ్ళీ ఆగిపోయింది లెస్!" అని అరిచాను.

వెనక్కి వచ్చాడు. గోల వచ్చింది.

నేను కదల్లేదు. అతని వంకే చూస్తూ, "అక్కడే ఆగు," అన్నాను. "ఇప్పుడు వెనక్కి నడువు. ఇంకా. ఇంకా. చాలు, ఇప్పుడు ముందుకి రా." మొదట నవ్వుతూనే నడిచాడు. రెండోసారి నవ్వు పోయింది. మూడోసారి నేను అడగకముందే ఆగిపోయి, నేల చూస్తూ నిలబడ్డాడు.

హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకున్నాను. "రెండూ ఒకే రకం కాబట్టి ఒకదానికొకటి అడ్డం పడుతున్నాయి. అంతేనా?"

"అంతే."

"నాది చూసినప్పుడల్లా ముందు నీది ఆపేవాడివి."

బూటు మొనతో మట్టి గీకాడు.

"నీకెప్పుడు తెలుసు?"

"మొదటి వారమే," అన్నాడు. "టీవీలు బాగుచేసినోణ్ణి, ఆపాటి తెలీదా డోరీ?"

"రెండేళ్ళు! నా బూట్లు మార్పించావు. ఉంగరం తీశానని ముఖం ముడుచుకున్నావు. నా చేతిలోనే ఏదో ఉందన్నావు. ఒక్క ముక్క చెప్పడానికి ఏమైంది నీకు?"

"చెబితే నువ్వు పొలం ఆ చివరికి వెళ్ళిపోతావు," అన్నాడు.

అతని చెవుల మీద హెడ్‌ఫోన్లు ఇంకా ఉన్నాయి. అప్పుడు తట్టింది నాకు. "మరి నీదో?"

"నాదీ అంతే."

"ఇన్నాళ్ళూ ఆ గోల వింటూనే తిరిగావా?"

"నువ్వు పక్కన ఉన్నావుగా," అన్నాడు.

ఉత్త కోపమే వచ్చుంటే అక్కడే తేల్చేసుకునేదాన్ని. నాకు జాలి వేసింది. ఆ బోడి మిషన్ చెవిలో రొద పెడుతుంటే, ఏమీ దొరకదని తెలిసి కూడా, వానలో నా పక్కన నడుస్తూ వచ్చాడు ఈ మనిషి. ఆ జాలి నా మెడకు చుట్టుకుంది. నేను మెత్తబడ్డం అతను చూశాడు. వెంటనే గొంతులో హుషారు వచ్చింది.

"ఆ చానల్ బొత్తాం మార్చేస్తే సరిపోతుంది, డోరీ. నాదొకటి, నీదొకటి పెడతా. చిటికెలో పని. ఇంక గోలుండదు. ఇద్దరం పక్కపక్కనే తిరగచ్చు, భుజం భుజం రాసుకుంటూ!"

బాగుచెయ్యడం అంత తేలికన్నమాట. ఆ బొత్తామే నన్ను ముట్టుకోనివ్వలేదు. జాలి కాస్తా సగం దిగిపోయింది. నేనేదో అనబోతుండగా గేటు కిందనుంచి కుక్క దూరి వచ్చింది, దాని వెనక గేటు తీసుకుని చేతికర్రతో ఐవీ థర్కెటిల్.

"ఒక్కళ్ళన్నాను లైబ్రరీ. నాకు ఇద్దరు కనబడుతున్నారు. చత్వారమా?"

"మిషన్ మొరాయిస్తోందండీ," అన్నాడు లెస్. ఎంత మర్యాదగా అన్నాడనీ! "తనే పిలిచింది, వచ్చాను. డోరీన్‌కి ఇది ఎప్పుడూ పడదు. మీకభ్యంతరం లేకపోతే ఈ పొలం నేను చూసుకుంటా, తను నాతో వస్తుంది."

ఇప్పుడే కదా ఒప్పుకున్నాడు! ఆ మాటల తడి కూడా ఆరలేదు, మళ్ళీ అదే అబద్ధం, నా ముందే, అదే ప్రేమ గొంతుతో. నా చెవులు వేడెక్కాయి. హెడ్‌ఫోన్ల పిన్ను పీకేశాను. మిషన్ గోల బయటికి, అందరికీ వినబడేలా వచ్చింది. కుక్క రెండడుగులు వెనక్కి వేసింది.

"లెస్, నీది ఆపు," అన్నాను.

"ఎందుకు ఇప్పుడు..."

"ఆపు."

ఆపలేదు. బొటనవేలు బొత్తాం మీద పెట్టి నన్నే చూస్తున్నాడు. వద్దని బతిమాలుతున్నట్టుంది ఆ చూపు. నేను చూపు తిప్పుకోలేదు.

"ఆపమంటోంది కదయ్యా," అంది ఐవీ థర్కెటిల్.

నొక్కాడు. పొలమంతా ఒక్కసారిగా సద్దుమణిగింది. చర్చి చెట్లమీద కాకుల అరుపు వినిపించింది. నా మిషన్ నా చేతిలో బుద్ధిగా, ఏ తప్పూ ఎరగనట్టు ఉంది.

ఐవీ థర్కెటిల్ నా మిషన్నీ, అతని మిషన్నీ, ఆ తర్వాత అతన్నీ చూసింది. మిషన్ల సంగతి ఆవిడకి తెలీదు. మొగుళ్ళ సంగతి తెలుసు. "తిప్పేది ఎవరు మరి?" అంది.

"నేను."

"గుంటలు పూడ్చు," అని కుక్కని పిలుచుకుని వెళ్ళిపోయింది.

లెస్ తన మిషన్ భుజాన వేసుకున్నాడు. "నేను కారులో కూర్చుంటాలే. నీ పని నువ్వు చేసుకో."

"వద్దు. ఇంటికెళ్ళు. నేను నడిచి వస్తా."

"అంత దూరమా? వాన పడితే?"

"తడుస్తాను."

"ఇంటికెళ్ళి ఏం చెయ్యను?" అన్నాడు.

దెప్పిపొడుపు కాదు, నిజంగానే అడిగాడు. పెళ్ళయి నలభై ఏళ్ళు దాటింది. రోజూ పొద్దున్నే ఆ ప్రశ్నకు ఏదో ఒక జవాబు నేనే ఇస్తూ వచ్చాను. గట్టర్లు శుభ్రం చెయ్యి, బెరిల్ రేడియో చూడు, నాతో రా. ఆ క్షణంలో కూడా నాలుక చివర రెండు మూడు పనులు సిద్ధంగా ఉన్నాయి.

"నాకు తెలీదు లెస్," అన్నాను.

వెనక్కి తిరిగి పొలంలోకి నడిచాను. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. ఏం చెప్పను ఆ నిశ్శబ్దం గురించి! కొయ్యకాళ్ళు పళ్ళేనికి రాసుకునే చప్పుడు, నా ఊపిరి, అంతే. అడుగడుక్కీ నేల నాతో మాట్లాడింది. బొంగురుగా ఒక మేకు, పక్కనే ఇంకో మేకు. మధ్యాహ్నం దాటాక చర్చి గోడకు కాస్త ఇవతల, రెండు మేకుల నడుమ, సన్నగా ఒక కూత. గోల ఉండి ఉంటే జన్మలో వినబడేది కాదు. అటు తిరిగి మళ్ళీ ఊపాను. మళ్ళీ పలికింది. మోకాళ్ళ మీద కూర్చుని తవ్వాను. మట్టిగడ్డ చిదిపితే చిటికెనవేలి గోరంత వెండి రేకు. ఒకవైపు అరిగిపోయిన రాజు ముఖం, ఇంకోవైపు పొడుగాటి శిలువ. ఎన్ని వందల ఏళ్ళ కిందో సంతలో ఎవరి చేతిలోంచో జారిన నాణెం.

"లెస్!" అన్న పిలుపు గొంతు దాకా వచ్చేసింది. అది చూపించడానికి ఈ భూమ్మీద నాకు ఇంకో పేరే తోచలేదు. పళ్ళు బిగించి మింగేశాను. గుంట పూడ్చి, పైన గడ్డి తొక్కి, లేచి నిలబడ్డాను.

దడి పైనుంచి మా కారు కప్పు కనబడుతోంది. కదల్లేదు. లెస్ కారులో కాదు, గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఒక చేత్తో ఫ్లాస్కు, ఇంకో చేత్తో నా వానకోటు. నన్ను పిలవలేదు. చెయ్యి ఊపలేదు. ఊరికే నిలబడ్డాడంతే.

నేను పొలం ఆ చివరికి నడిచాను. అక్కడ ముళ్ళదడి మనిషెత్తు ఉంది. దాని వెంబడి చర్చి దాకా వచ్చాను, చర్చి గోడ నా తలకంటే ఎత్తు. మూడో వైపు మురుగుకాలవ, అంచులదాకా నీళ్ళు. అన్ని వైపులా తిరిగి చూశాను, పిచ్చిదానిలా, గుప్పిట్లో ఆ వెండి రేకు బిగించుకుని. వాన మొదలైంది. అతను వానకోటు మడత విప్పి, నాకోసం రెండు చేతులతో పరిచి పట్టుకున్నాడు.

ఆ పొలానికి గేటు ఒక్కటే.